26 తుపాకుల లెక్క

సంక్రాంతికి అనకాపల్లి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి టెక్సస్ నుంచి ఒక కొత్త సరదా మోసుకొచ్చాడు. కొత్తదంటున్నాను గానీ అది పాత తుపాకుల సరదా. 1870ల నాటి నమూనా రైఫిళ్ళు, పొగ కక్కే పాతకాలపు మందు నింపిన తూటాలు. వాటితో ఉక్కు బొమ్మల్ని పడగొట్టాలి. కోడి 200 మీటర్ల దూరంలో ఉంటుంది, తర్వాత పంది, టర్కీ కోడి, చివరికి 500 మీటర్ల దూరాన పొట్టేలు. న్యూ మెక్సికోలో రాటన్ అనే ఊరి దగ్గర 1985 నుంచీ ఈ పోటీలు జరుగుతున్నాయట.

"నల్లమందు పోటీలేంట్రా, చోద్యం కాకపోతే?" అంది మా అమ్మ. 'బ్లాక్ పౌడర్'ని వాడు తెలుగు చేసి చెప్పడంలో వచ్చిన తంటా అది. ఆవిడకి నల్లమందంటే అభినే. "అది కాదు పిన్నీ, తుపాకి మందు. పెట్లుప్పు, బొగ్గు, గంధకం" అని సర్దుకున్నాడు.

తక్కువ ఖర్చులో దిగాలంటే ఎలా అన్నయ్యా అని అడిగాను. కొనేది ఎలాగూ లేదు, ఊరికే. వాడు చెప్పింది నాకు గుర్తుండిపోయింది. "తుపాకి ఖర్చు ఒక్కసారే తమ్ముడూ. తూటా ఖర్చు ఎప్పటికీ ఉంటుంది. అందుకని పేల్చిన ఇత్తడి తొడుగుల్ని పారేయం. ఏరుకొచ్చి, కడిగి, మళ్ళీ నింపుకుంటాం. సీసం కరిగించి గుళ్ళు మేమే పోసుకుంటాం. తూటా సొంతంగా చేసుకోలేనివాడు ఈ ఆటలో ఎక్కువ రోజులు నిలవడు."

ఆ ఆఖరి మాట దగ్గర నాకు మా జిల్లా చరిత్రే గుర్తొచ్చింది. పాతకాలపు తూటాలతో, చేతిలో డబ్బు లేకుండా, ఒక సామ్రాజ్యంతో పోటీకి దిగినవాళ్ళు మాకు గంటన్నర దూరంలో ఉండేవాళ్ళు. మర్నాడు వాణ్ణి కారెక్కించుకుని తాళ్ళపాలెం మీదుగా నర్సీపట్నం, అక్కణ్ణుంచి కృష్ణదేవిపేట తీసుకెళ్ళాను.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు సుమారు 300 మందితో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు ఠాణాలు. చింతపల్లిలో 11 తుపాకులు, 1390 తూటాలు దొరికాయి. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు. మొత్తం 26 తుపాకులు. ఏమేం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. దాన్ని మనం ధీమాగా చెప్పుకుంటాం, అందులో తప్పులేదు. కానీ ఆ అంకెల్ని ఒక కొత్త ఆటగాడి సరంజామా జాబితాగా చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. 300 మందికి 26 తుపాకులు. చింతపల్లి తుపాకులకి తలా 126 తూటాలు, రాజవొమ్మంగివాటికి తలా 103. అవి అయిపోతే?

మన్యంలో అంతకుముందు తుపాకులు లేవని కాదు. ముందు నుంచి మందు దట్టించే నాటు తుపాకులు వేటకి ఉండేవి. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరమైంది. ఆ నాటు తుపాకి గుణం ఏమిటంటే, దాని తిండి ఊళ్ళోనే దొరుకుతుంది. బొగ్గు అడవిది, పెట్లుప్పు, గంధకం సంతవి, గుండు ఏ సీసం ముక్కతోనైనా సరిపోతుంది. దాని జబ్బు వాన. ఆగస్టులో చింతపల్లి, లంబసింగి వైపు వెళ్ళినవాళ్ళకి ఆ తడి తెలుసు. మందు చెమ్మ పీల్చిందంటే తుపాకి కర్రతో సమానం.

ఠాణా తుపాకి ఆ జబ్బుకి మందు. ఆ రోజుల్లో భారతదేశపు పోలీసులకి మామూలుగా దక్కేవి సైన్యం వాడి వదిలేసిన జాతి తుపాకులు: స్నైడర్లు, మార్టినీ-హెన్రీలు. 1857 తర్వాత పాలకులకి దేశీయుల చేతిలోని ఆయుధమంటే అనుమానం. అందుకని పోలీసు తుపాకుల్లో చాలావాటికి గొట్టం లోపల గాడులు లేకుండా నున్నగా ఉంచేవారు. గాడులు లేకపోతే గుండు తిరగదు, దూరం పోయినకొద్దీ గురి తప్పుతుంది. అయినా వెనక నుంచి తూటా పెట్టి మీట లాగితే చాలు, తుపాకి సిద్ధం. మందు ఇత్తడి తొడుగులో భద్రంగా ఉంటుంది, వానకి భయం లేదు.

ఈ రెండు రకాల మధ్య తేడా గురిలో కూడా పెద్దదేమీ కాదనడానికి ఒక ముచ్చట ఉంది. 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐరిష్ జట్టు ముందు నుంచి దట్టించే రైఫిళ్ళతో, అమెరికన్ జట్టు వెనక నుంచి తూటా పెట్టే రైఫిళ్ళతో తలపడ్డాయి. అమెరికన్లు గెలిచింది 934కి 931, మూడంటే మూడు పాయింట్ల తేడాతో. మా అన్నయ్య ఆడే ఆటకి అదే తాతమ్మ. ఎండలో, మైదానంలో, తీరిగ్గా కొడితే పాత తుపాకి కొత్తదానికి దీటుగానే నిలుస్తుంది. వానలో, కొండ మలుపులో, మనుషులు తరుముతుంటే మాత్రం తూటాదే పైచేయి.

దాని కష్టాలు దానికీ ఉన్నాయి. ఆ మందు కాలితే సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగిలిపోతుంది. పోటీలో కొత్తవాళ్ళకి మొదట నేర్పేది గురి కాదట, గొట్టం తుడవడం. తుడవకపోతే ఆ మసి చెమ్మ పీల్చి ఇనుముని తినేస్తుంది. ఇక పొగ. పేలిన ప్రతిసారీ తెల్లటి మబ్బు లేస్తుంది, గాలి లేని వానాకాలపు అడవిలో అక్కడే వేలాడుతుంది. "ఇదిగో, నేనిక్కడున్నాను" అని శత్రువుకి కబురు పెట్టినట్టే.

ఇలాంటి తుపాకితో ఎలా యుద్ధం చేయాలి? దగ్గర నుంచి, ఇరుకులో, ఒక్కసారి కొట్టి మాయమవ్వాలి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది అదే. ముందు నడిచిన దేశీ పోలీసుల్ని పోనిచ్చి, వెనక వచ్చిన దొరలు స్కాట్ కవర్డ్, హైటర్‌లని కాల్చారు. దేశీయుల్ని చంపొద్దన్నది రాజు నియమం. అది నీతి, నిజమే. లెక్కపెట్టిన తూటాలున్నవాడికి అది పొదుపు కూడా. ఆ ఇద్దరి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. అన్నయ్య వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. బొమ్మల్ని కొట్టే తుపాకి మనుషుల్ని కొట్టినప్పుడు ఏమవుతుందో అక్కడ ఎవరూ వివరించనక్కర్లేదు.

ప్రభుత్వం తన తప్పు త్వరగానే తెలుసుకుంది. అక్టోబరు 15న రాజు అడ్డతీగల ఠాణాకి వెళ్ళేసరికి ఆయుధాలు లేవు. ముందే దాచేశారు. తర్వాత రంపచోడవరంలోనూ అంతే. ఠాణాలకి ఠాణాలు చేతికొచ్చినా బీరువాలు ఖాళీ.

అప్పుడు మలబారు పోలీసులు దిగారు, లూయీ గన్నుతో. అది పొగరాని మందుతో నడిచే మరతుపాకి, నిమిషానికి 500 తూటాలు పేలుస్తుంది. అంటే చింతపల్లిలో దొరికిన మొత్తం తూటాలు దానికి మూడు నిమిషాల పని కూడా కాదు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర నలుగురు, ఆ రాత్రి లింగాపురం దగ్గర ఎనిమిది మంది విప్లవకారులు చనిపోయారు. కొన్ని తుపాకులు, తూటాలు కూడా పోయాయి. తర్వాత నాలుగు నెలలు రాజు జాడ లేదు. 1923 ఏప్రిల్ 17న అన్నవరంలో కనబడ్డాడు. అక్కడి ఠాణాలోనూ ఆయుధాలేమీ దొరకలేదు.

విప్లవం ఎందుకు ఓడిందంటే మనం సైన్యాల సంఖ్య చెబుతాం, ద్రోహుల పేర్లు చెబుతాం. అన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం అన్నయ్య మాట దగ్గరే అడ్డుపడుతోంది. అమెరికా మైదానాల్లో దున్నల్ని వేటాడినవాళ్ళు రాత్రి మంట దగ్గర కూర్చుని ఖాళీ తొడుగుల్లో మందు నింపుకునేవాళ్ళు. వాళ్ళకి తొడుగులు, టోపీలు, మందు అమ్మే అంగడి వెనకాల ఉంది. గాం గంటందొరకి, మల్లుదొరకి ఏ అంగడి ఉంది? వాళ్ళ తూటా పూనా దగ్గర కిర్కీలోనో, కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లోనో, శత్రువు కార్ఖానాలో తయారవుతుంది. శత్రువు బీరువాలోంచే దొరకాలి. అతను బీరువా తాళం మార్చిన రోజున, చేతిలో తుపాకి ఉన్నా అది మళ్ళీ కర్రే. అయినా అక్కణ్ణుంచి 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపేదాకా ఏడాదిన్నర నడిపారు. ఓటమి కంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ ఏడాదిన్నరే.

కృష్ణదేవిపేటలో రాజు సమాధి దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు వాలింది. "అన్ని విగ్రహాల్లోనూ విల్లంబులే పెడతారేంటి? తుపాకులు పట్టుకున్నారుగా?" అన్నాడు అన్నయ్య. చిన్నప్పట్నుంచీ అది సినిమా అలంకారమనే అనుకునేవాణ్ణి. ఆ రోజు తోచింది వేరు. బాణాన్ని ఊళ్ళోనే చేసుకోవచ్చు. దానికి ఎవరి కార్ఖానా అక్కర్లేదు.