చచ్చి లేచిన మాంత్రికుడు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయండి అని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, పి.ఆర్.సి. బకాయిల గురించీ డి.ఆర్. గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు కదా, నేను సినిమా చావుల గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వి, "ఈ వయసులో అదేం విషయమండీ?" అన్నారు. బతికే ఉన్నామని ఏటేటా సర్టిఫికెట్టు ఇచ్చుకునే వాళ్ళం మనం. మనకు తగిన విషయమేనని నా ఉద్దేశం.

దీనికి మూలం మా మనవడు. సెలవులకు వచ్చి, క్రిస్టఫర్ లీ అనే ఇంగ్లీషు నటుడి పాత డ్రాకులా సినిమాలు వరసపెట్టి నాకు చూపించాడు. 1958లో వచ్చిన సినిమాలో సూర్యకాంతి తగిలి బూడిదైపోతాడు. 1966లో మంచు పగిలి నీళ్ళలో మునిగిపోతాడు. 1968లో శిలువ గుచ్చుకుని, 1970లో పిడుగు పడి చస్తాడు. పై సినిమాలో మళ్ళీ లేస్తాడు. "మనకి ఇలాంటి నటుడు లేడా తాతయ్యా?" అని వాడు అడిగాడు. లేకేం, మన జిల్లా వాడే ఉన్నాడన్నాను.

సామర్ల వెంకట రంగారావు గారు 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. (నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గాని, మా తరానికి అది కృష్ణా జిల్లాయే.) ఆయనా కొంతకాలం మనలాంటి ఉద్యోగే. బందరులో, విజయనగరంలో ఫైరాఫీసరుగా పనిచేశారు. 1947లో 'వరూధిని' సినిమాలో వేస్తే అది ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో బడ్జెట్ లెక్కలు చూసుకున్నారు. ఆ కుర్చీలోనే స్థిరపడి ఉంటే ఏమయ్యేదో, లెక్కల గుమాస్తాగా బతికిన నేను వేరే చెప్పక్కర్లేదు.

1951 మార్చిలో విజయా వారి 'పాతాళభైరవి' విడుదలైంది. నేను చూసింది మాత్రం 1958 ప్రాంతంలో, ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో వేసిన టూరింగు టాకీసులో, నాన్నగారి పక్కన నేల టిక్కెట్టులో. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి అమ్మవారికి బలివ్వబోయి తానే బలైపోతాడు. డేరా అంతా ఈలలు. కథ అయిపోయిందనుకుని నేను లేచి నిక్కరు దులుపుకున్నాను. నాన్నగారు చెయ్యి పట్టి లాగి, "కూచోరా, వాడు మళ్ళీ లేస్తాడు" అన్నారు.

ఆయన చెప్పినట్టే జరిగింది. శిష్యుడు సదాజపుడు సంజీవని వేరుతో గురువును బతికించాడు. ఆ లేచిన మనిషిని చూసి పిల్లలం ఎంత జడిసిపోయామంటే, చచ్చినప్పుడు ఈల వేసిన వాళ్ళు కూడా కిక్కురుమనలేదు. ఆఖరున గడ్డం పోగొట్టుకుని, దాంతోపాటు బలమూ పోగొట్టుకుని ఆయన రెండోసారి చచ్చాడు. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు కాలవగట్టు పొడుగునా, మూడోసారి కూడా లేస్తాడేమోనని వెనక్కి చూస్తూనే ఉన్నాను. తరవాతి కాలంలో నాకు తట్టిందేమిటంటే, డ్రాకులా వాళ్ళు లేవడానికి ఇంకో సినిమా తీసుకున్నారు. మన కె.వి.రెడ్డి గారూ పింగళి నాగేంద్రరావు గారూ ఒకే టిక్కెట్టుకు రెండు చావులు చూపించారు.

అసలు మన సినిమా పుట్టిందే దుర్మార్గుడి చావుతో. ఫాల్కే గారు 1913లో తీసిన రెండో సినిమా 'మోహినీ భస్మాసుర్'. దక్షిణాదిన మొట్టమొదటిది, మద్రాసు మోటారు వ్యాపారి నటరాజ మొదలియార్ 1917-18 ప్రాంతంలో తీసిన 'కీచకవధ'. మన మొదటి టాకీ, 1932లో హెచ్.ఎం.రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద'. అంటే భస్మాసురుడు, కీచకుడు, హిరణ్యకశిపుడు. ఈ ముగ్గురి వేషాలూ రంగారావు గారు వేశారు, ముగ్గురుగానూ చచ్చారు. ఇలా కలిసిరావడం ఎవరైనా గమనించారో లేదో గాని, నాకు మటుకు దస్త్రంలో పోయిన కాగితం దొరికినంత సంతోషమైంది.

సంస్కృత నాటకాల్లో రంగం మీద చావు చూపకూడదని నియమం. భాసుడి 'ఊరుభంగం' లాంటివి ఏవో దాన్ని దాటాయి. మన కూచిపూడి భాగవతులకూ వీధినాటకాల వాళ్ళకూ ఆ పట్టింపు లేదు. ప్రహ్లాద నాటకంలో నరసింహస్వామి రాకపోతే జనం ఊరుకుంటారా? కీచకుడి చావుకైతే రాజకీయం కూడా అంటుకుంది. 1907లో ఖాడిల్కర్ మరాఠీలో రాసిన 'కీచకవధ' నాటకంలో కీచకుడంటే కర్జన్ ప్రభువేనని జనానికి అర్థమైపోయి, 1910లో ఆంగ్ల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మన డెల్టా రైతులకు ఆ గొడవ లేదు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవారు. తిక్కన గారి కీచకుడు చస్తే వాన కురుస్తుందని నమ్మకం.

'నర్తనశాల' 1963 అక్టోబరులో వచ్చింది. కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం, లక్ష్మీరాజ్యం గారి నిర్మాణం. అప్పటికి నాకు పదమూడేళ్ళు. ఉయ్యూరు ప్రాంతం వాళ్ళకు ఆ సినిమా మీద ప్రత్యేకమైన హక్కు ఉండేది. భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాలరావు గారు గండిగుంట వారు, బరువులెత్తడంలో 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చినవారు. (బెజవాడ ఇండోర్ స్టేడియానికి ఉన్నది ఆయన పేరే.) చీకటి నర్తనశాలలో నూజివీడు మనిషిని గండిగుంట మనిషి చంపుతున్నాడన్న మాట! మా ఊరివాళ్ళు ఎవరి పక్షం వహించాలో తెలియక సతమతమయ్యారు. ఆ కీచకుడిలో నాకు నచ్చేది చావుకు ముందరి ఘట్టం. తను ప్రేమ కోసం పోతున్నాననుకుంటాడు. ఆ నడకలో, ఆ చూపులో తాను దుర్మార్గుణ్ణన్న అనుమానమే ఉండదు. మనకు తెలుసు, అతనికి తెలీదు. ఆ వేషానికి 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

'దీపావళి' (1960)లో నరకాసురుడు, 'మోహినీ భస్మాసుర' (1966)లో భస్మాసురుడు. ఇవి నాకు పూర్తిగా గుర్తు లేవు. 1967లో ఏ.వి.ఎం. వారి రంగుల 'భక్త ప్రహ్లాద' మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. రోజారమణి ప్రహ్లాదుడు, అంజలీదేవి తల్లి. అందులో హిరణ్యకశిపుడు కొడుకును ముద్దు చేసే తండ్రి కూడా. స్తంభం పగిలినప్పుడు హాల్లో ఆడవాళ్ళు చేతులు జోడించారు. నాన్నగారు మాత్రం గడప మీద పడ్డ ఆ తండ్రికేసే చూస్తుండిపోయారు. మా అన్నయ్య అప్పటికి రెండేళ్ళ క్రితం ఆయన్ను ఎదిరించి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. దాని గురించి ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

ఘటోత్కచుడొక్కడే మినహాయింపు. 1957 'మాయాబజార్' శశిరేఖ పెళ్ళితో ముగుస్తుంది, యుద్ధం దాకా పోదు. కర్ణుడి శక్తి ముందున్నదని తెలిసీ అందరం నవ్వుకుంటూ బయటికొచ్చాం.

1974 జూలై 18న రంగారావు గారు మద్రాసులో గుండెపోటుతో పోయారు. యాభై ఆరేళ్ళు. నేను అప్పటికి బెజవాడలో ఎల్.డి. గుమాస్తాను. ఆ ఆదివారం ఊరికి వెళ్తే నాన్నగారు అరుగు మీద ఆ పాత పేపరే ముందు పెట్టుకుని కూచున్నారు. ఆయనకూ అంతకు ముందు ఏడాదే గుండెనొప్పి వచ్చి తగ్గింది. "ఈసారి లేవడురా" అన్నారు.

మరుసటి ఏడాది 'యశోద కృష్ణ' వచ్చింది. రంగారావు గారు పోయాక విడుదలైన సినిమా, అందులో కంసుడి వేషం. డాక్టరు వద్దన్నా వినకుండా నాన్నగారు బస్సెక్కి బెజవాడ వచ్చేశారు. ఇద్దరం రెండో ఆటకు వెళ్ళాం. తెరమీదికి ఆయన రాగానే నాన్నగారు నా మోచెయ్యి పొడిచి, "లేచాడు చూశావా!" అన్నారు. నేల టిక్కెట్టు నాటి గొంతే అది. సినిమా ఆసాంతం ముందుకు వంగి చూశారు. ఆఖరి ఘట్టం దగ్గర పడుతుండగా కండువా భుజాన వేసుకుని లేచి నిలబడ్డారు.

"పద, ఇక చాలు. రిక్షాలు దొరకవు" అన్నారు.

బయటికొస్తే హాలు ముందు పదిహేను రిక్షాలు వరసగా నిలబడి ఉన్నాయి.