తలా ఒక పోగు, ఒంటికి చొక్కా

ఎవరికైనా కష్టమొచ్చి నలుగురూ చందాలు వేసుకునేటప్పుడు రష్యన్లు ఓ సామెత అందుకుంటారు: ‘స్ మీరు పా నీత్కె, గోలము రుబాష్క’. ఊరంతా తలా ఒక పోగు ఇస్తే, బట్టలేనివాడికి చొక్కా అవుతుందని. వ్లదీమిర్ దాల్ 1862లో అచ్చువేయించిన, 30 వేలకు పైగా సామెతలున్న సంకలనంలోనూ ఇది ఉంది.

సామెతలో ఊరికి వాడిన మాట ‘మీర్’. పొలాల పంపకం నుంచి పన్ను వాటాల దాకా ఇంటిపెద్దలంతా కూర్చుని తేల్చుకునే రైతుల కూటమి అది.

ఇక చొక్కా. పల్లెల్లో దాన్ని ఎక్కువగా అవిసె నారతోనే నేసేవారు. మొక్క పీకి, నానబెట్టి, ఎండబెట్టి, చితక్కొట్టి, దువ్వితే గాని నార చేతికి రాదు. చలికాలమంతా ఆడవాళ్లు కదుళ్ల మీద వడికి, ఆ తర్వాత మగ్గమెక్కించేవారు. చొక్కా అంటే ఒక ఇంటికి నెలల చాకిరీ. పోగంటే ఎవరికీ లెక్కలోది కాదు. సామెత బలమంతా ఈ తేడాలోనే ఉంది.

కొయ్య ఇళ్ల ఊళ్లలో అగ్గి పడితే ఇరుగుపొరుగే దుంగలు మోసి ఇల్లు లేపేవారు. ఈ సాయాన్ని ‘పోమొచ్’ అంటారు. కూలి ఉండదు, ఇంటివాడు పెట్టే భోజనమూ పోసే మందూ తప్ప.

దీనికంతా దయాగుణమే కారణమనుకుంటే సగం కథే తెలిసినట్టు. ఒకడు పన్ను ఎగ్గొడితే ఆ బాకీ మిగతావాళ్ల మెడకు చుట్టుకునేది. 1861లో రైతుల దాస్యం రద్దయ్యాక కూడా, భూమి కోసం కట్టాల్సిన వాయిదాల పూచీ ఉమ్మడిగా మీర్ నెత్తినే పడింది. పొరుగువాడు కోలుకుంటేనే తన బరువు తగ్గేది.

ఆ ఉమ్మడి పూచీని 1903లో చాలా ప్రాంతాల్లో ఎత్తేశారు. 1906లో ప్రధాని స్తొలీపిన్ తెచ్చిన సంస్కరణ, వాటా విడగొట్టుకుని మీర్ నుంచి బయటపడే దారి చూపింది. 1930లో సమష్టి వ్యవసాయం ఊపులో మీర్‌నే రద్దుచేశారు.

సామెత మాత్రం మిగిలింది. వైద్యం ఖర్చుకు ఆన్‌లైన్లో విరాళాలు అడిగేవాళ్లు దీన్నే వాడతారు. అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా ఏరి అతికించిన పనిని దెప్పడానికీ ఇదే పనికొస్తుంది. తెలిసినదే కదా అని చాలామంది సామెతను సగంతోనే ఆపేస్తారు. మీర్ ఉన్న రోజుల్లో పొరుగువాడు చితికిపోతే నష్టం తనదాకా వచ్చేది. ఇప్పుడు ఎక్కడివాడో తెలియని మనిషికి ఇవ్వకపోయినా పోయేదేమీ లేదు. అయినా ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు.