సీడీ రాస్తాంది, మౌసు ముట్టుకోవాకండి

మైదుకూరు చరిత్ర అంటే నాలుగు రోడ్ల చరిత్రే. కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, బద్వేలు దారులు కలిసే చోటు ఇది. పసుపు బస్తాలు, ఎర్రగడ్డల లారీలు, బ్రహ్మంగారి మఠానికి పోయే బస్సులు అన్నీ ఇక్కడే మలుపు తిరుగుతాయి. వీటి గురించి రాసేవాళ్లున్నారు. 2001 ప్రాంతంలో ఆ కూడలికి కూతవేటు దూరంలో ఉన్న ఒక డీటీపీ షాపు గురించి ఎవరూ రాయరు గనక నేను రాస్తున్నా.

షాపులో కంప్యూటర్ ఒకటే. విండోస్ 98, 64 ఎంబీ ర్యామ్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బయోడేటాలు, అన్నీ దాంట్లోనే. దానికి 8 ఎక్స్ సీడీ రైటర్ బిగించినాక పాటల సీడీల పనీ నెత్తిన పడింది. అది దొంగ సరుకన్న మాటే మాకెవరికీ అప్పట్లో తోచలేదు. రాసే సాఫ్ట్‌వేర్ పేరు నీరో, జర్మనీ వాళ్లది. రోము తగలబడిన కథలోని రాజు పేరే దానికి పెట్టినారు. సీడీని ‘కాల్చే’ (బర్న్ చేసే) పనికి అంతకంటే సరైన పేరు దొరకదు.

మానిటర్ నెత్తిన ఒక అట్టముక్క: ‘సీడీ రాస్తాంది, మౌసు ముట్టుకోవాకండి.’

తత్వాల సీడీ కోసం వచ్చిన ఒక రైతుకు ఇది నచ్చలేదు. ‘పది నిమిషాలు మిషను ముందర చేతులు కట్టుకొని కూచుంటే ఎట్ల గిట్టుతాది నాయనా?’ అన్నాడు. షాపాయన చెప్పిన జవాబు నాకిప్పటికీ గుర్తే. ‘మీ బోరు కాడ తొట్టి ఉంటాది గదా పెద్దాయనా. బోరు సన్నగా పోస్తే తొట్టి నిండుతాది, తొట్టి నుంచి మడికి పారతాది. దీంట్లోనూ ఒక తొట్టి ఉంది. అది ఎండిందంటే నీళ్లు మళ్లీ కట్టుకొనేదానికి కుదరదు. ఆ సీడీ పోయినట్టే.’

ఆ తొట్టి పేరు బఫర్. మా రైటర్‌లో దాని సైజు 2 ఎంబీ. 8 ఎక్స్ అంటే సెకనుకు 1,200 కేబీ తాగేస్తుంది. హార్డ్ డిస్కు రెండు సెకన్లు ఇంకో పని మీద పోతే చాలు, తొట్టి ఖాళీ. లేజరు లోపలి నుంచి అంచుదాకా ఒకే చుట్టుగా రాసుకుంటూ పోతుంది, మధ్యలో ఆగి మళ్లీ అందుకోవడం దానికి రాదు. ఇక కరెంటు పోతే చెప్పేదేముంది.

అయినా మౌసు పట్టినాను, నేనే. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఆ షాపులో కూచునేవాణ్ణి. పెళ్లి వీడియో ఒకటి 70 శాతం రాసింది. అప్పుడే ఒకాయన వచ్చి, పత్రికలో ముహూర్తం తప్పు పడింది, బద్వేలు బస్సు పోతాది, ఒక్క అంకె మార్చు నాయనా అని బతిమాలినాడు. పేజ్‌మేకర్ తెరిచినా. ఇసుక గడియారం గుర్తు కదలక మెదలక నిలబడిపోయింది. తర్వాత తెర మీద బఫర్ అండర్‌రన్ అని వచ్చింది. అంకె మారింది గానీ, ఆయనకు బస్సు దొరకలేదు.

జపాన్ కంపెనీ సాన్యో 2000లోనే దీనికి మందు కనిపెట్టింది. దాని పేరు బర్న్‌ప్రూఫ్. తొట్టి ఎండబోతుంటే లేజరు ఆగి, ఆగిన చోటు గుర్తు పెట్టుకొని, అక్కడి నుంచే మళ్లీ రాస్తుంది. మా షాపులోకి అట్లాంటి రైటర్ వచ్చేసరికి చెడిన సీడీలు ఒక అట్టపెట్టె నిండినాయి. అవి ఊరికే పోలేదు. పొద్దుతిరుగుడు వేసినవాళ్లు చిలకలను బెదరగొట్టేదానికి అడిగి పట్టుకపోయినారు.

నేను చెడగొట్టిన పెళ్లి కూడా అట్లనే చేనికి పోయింది. ఒకసారి అటు పోయినప్పుడు దారానికి వేలాడుతుంటే పట్టుకొని చూసినా. రాసిన మేర ఒక రంగు, రాయని మేర ఇంకో రంగు. రెండింటి మధ్య గీత అంచుకు అర వేలు ఎడంగా ఉంది.