స్కైలాబ్‌ని కిందికి లాగింది ఎవరు?

ఈ ఎపిసోడ్ మా నానమ్మ వల్ల పుట్టింది.

మాది కరీంనగర్ వైపు ఒక పల్లె. మా ఇంట్లో పెద్దవాళ్లకు 1979 అంటే గుర్తు రాదు, ‘స్కైలాబ్ పడ్డ ఏడు’ అంటేనే గుర్తొస్తుంది. ఆకాశం నుంచి పెద్ద మిషన్ వచ్చి మీద పడుతుందని రేడియోలో విని ఊరంతా వణికిపోయిందట. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు కోసుకుని తిన్నారట. చిన్నప్పుడు ఈ కథ విని పడీపడీ నవ్వేవాణ్ణి.

మొన్న నానమ్మ ఇంకో మాట చెప్పింది. ఆ భయంలోనే మా తాత జోడెడ్లను సగం ధరకు అమ్మేశాడట. “సచ్చెటోళ్లకు ఎడ్లెందుకు అనుకున్నం బిడ్డా” అంది. అది జులై నెల, విత్తనాలు వేసే టైమ్. ఆ ఏడు మా చేనులో నాగలి కదల్లేదు. ఇక నాకు నవ్వు రాలేదు. అసలు ఆ మిషన్ ఎందుకు పడిందో తెలుసుకోవాలనిపించింది.

స్కైలాబ్ అమెరికా వాళ్ల మొదటి అంతరిక్ష కేంద్రం. 1973 మే 14న ప్రయోగించారు. బరువు దాదాపు 77 టన్నులు, ఎత్తు దాదాపు 435 కిలోమీటర్లు. మూడు విడతల్లో తొమ్మిది మంది అక్కడ ఉండి వచ్చారు. వాళ్ల ముఖ్యమైన పనుల్లో ఒకటి సూర్యుణ్ణి ఫోటోలు తీయడం. 1974 ఫిబ్రవరిలో చివరి టీమ్ దిగిపోయింది. ఖాళీ స్కైలాబ్ 1980ల దాకా పైనే ఉంటుందని, ఈలోపు స్పేస్ షటిల్ రెడీ అయితే దాంతో ఇంకా పైకి నెట్టొచ్చని నాసా లెక్క.

ఆ లెక్క తప్పింది. ఎందుకంటే 435 కిలోమీటర్ల ఎత్తులో కూడా గాలి ఉంటుంది. చాలా చాలా పల్చగా, కానీ ఉంటుంది. ఆ పొరని థర్మోస్ఫియర్ అంటారు. సూర్యుడి మీద మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. మచ్చలు పెరిగినప్పుడు మన కంటికి కనిపించే వెలుగు వెయ్యిలో ఒక వంతే మారుతుంది, మనకేం తేడా తెలీదు. కానీ కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌రేలు చాలా పెరుగుతాయి. వాటిని థర్మోస్ఫియర్ పీల్చుకుని వేడెక్కుతుంది.

పొయ్యి మీద పాలు చూశారుగా? వేడెక్కితే పొంగుతాయి. పై గాలి కూడా అంతే. కింద ఉండాల్సిన గాలి పైకి వస్తుంది. స్కైలాబ్ తిరిగే ఎత్తులో గాలి సాంద్రత పదింతల దాకా పెరగొచ్చు. గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువుకి ఆ కాస్త గాలి చాలు, బ్రేక్ పడుతుంది. బ్రేక్ పడితే కిందికి జారుతుంది, కింద గాలి ఇంకా చిక్కన, ఇంకా జారుతుంది. అచ్చం చక్రవడ్డీ అప్పులాగా.

1970ల చివర్లో సూర్యుడు నాసా అనుకున్నదానికంటే గట్టిగా చెలరేగాడు. బ్రిటన్ శాస్త్రవేత్త డెస్మండ్ కింగ్-హీలీ అయితే ఇది 1979లోనే పడుతుందని ముందే లెక్క కట్టారు. షటిల్ మాత్రం 1981 ఏప్రిల్ దాకా ఎగరలేదు. ఏ సూర్యుణ్ణి చూడ్డానికి స్కైలాబ్ పైకి వెళ్లిందో, ఆ సూర్యుడే దాన్ని దించేశాడు.

1979 జులై 11, మన టైమ్ ప్రకారం రాత్రి పది దాటాక అది పడింది. ఎక్కువ భాగం హిందూ మహాసముద్రంలో, కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ చుట్టుపక్కల. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెత్త పడేసినందుకు అక్కడి స్థానిక పాలకులు నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు!

మరి భయం అనవసరమా? భూమ్మీద ఎవరో ఒకరికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా చెప్పింది. ఇది చిన్నదేం కాదు. కానీ ఫలానా మనిషికే, అంటే మా తాతకే తగిలే అవకాశం దాదాపు 60 వేల కోట్లలో ఒకటి. మా ఊరికి ‘పడుతోంది’ అన్న మాట చేరింది, ఈ రెండో లెక్క చేరలేదు.

ఇది పాత కథ అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్ని పంపింది. అదే సమయంలో సౌర తుఫాను వచ్చి పై గాలి చిక్కబడింది. దాదాపు 40 ఉపగ్రహాలు పైకి చేరలేక రాలిపోయాయి. కారణం మళ్లీ అదే.

ఇదంతా నానమ్మకి చెప్పాను. పాలు పొంగే ముచ్చట వెంటనే అర్థమైంది. కాసేపు ఊరుకుని ఒకటే అడిగింది: “గీ ముచ్చట గప్పుడే ఎవలన్న జెప్తే, ఎడ్లు అమ్మకపోదుం గదరా?”

నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రోజు గుర్తుందా? ఒకసారి అడిగి కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.