ఓబులేసు: ఒక క్షేత్రం మనిషి పేరైన చరిత్ర

తెలుగువారి వ్యక్తినామాల చరిత్రకు కడప జిల్లా విలువైన ఆకరం. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాలలో మిక్కిలి ప్రాచీనమైనదిగా పండితులు లెక్కించే కలమళ్ల శాసనం ప్రొద్దుటూరుకు చేరువలో, ఎర్రగుంట్ల మండలంలోని ఒక చెన్నకేశవాలయ ఆవరణలో ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిదైన ఆ శాసనం ఎరికల్ ముత్తురాజు ధనంజయుడనే రేనాటి చోళ పాలకుని పేరును భద్రపరిచింది. రేనాడు అంటే పెన్నా, కుందూ నదుల పరిసరాలలోని నల్లరేగడి సీమకు నాటి వాడుకపేరు. అయితే ధనంజయుడు, పుణ్యకుమారుడు వంటి రేనాటి చోళ రాజనామాలు శిలలపై నిలిచినంత గట్టిగా జనం నోట నిలవలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో తరతరాలుగా వినిపిస్తూ వచ్చిన పేర్లలో రాజుల వాసన తక్కువ, క్షేత్రాల వాసన ఎక్కువ. వాటిలో ఓబులేసు అనే పేరు, దాని చుట్టూ అల్లుకున్న ఓబులరెడ్డి, ఓబయ్య, ఓబన్న, ఓబులపతి, ఓబులమ్మ అనే పేర్లు ప్రత్యేకంగా పరిశీలింపదగినవి.

ఈ పేర్లన్నిటికీ మూలం నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో, నల్లమల అడవుల నడుమ వెలసిన అహోబిలం. హిరణ్యకశిపుని చీల్చిన నరసింహుని పరాక్రమాన్ని చూసి దేవతలు ఆశ్చర్యంతో 'అహో బలం' అన్నారని, అందువల్ల అది అహోబలమైందని ఒక ఐతిహ్యం. స్వామి వెలసిన గుహను బట్టి అహోబిలమైందని మరొకటి. ఈ రెండింటిలో ఏది ముందన్న వాదానికి పురాణాలు తీర్పు చెప్పవు గాని, మనుషుల పేర్లు మాత్రం మొదటిదాని వైపే మొగ్గాయి. అహోబల శబ్దంలోని హకారం పలుకుబడిలో జారిపోగా దానికి ఇరుపక్కలా ఉన్న అచ్చులు కలిసిపోయి ఔబళ, ఓబళ అనే రూపాలు ఏర్పడ్డాయి. నడిమి అచ్చు ఉకారంగా మారి, ళకారం లకారంగా తేలికపడి ఓబుల అయింది. దానికి ప్రభువు అనే అర్థమిచ్చే ఈశ శబ్దం చేరితే అహోబలేశుడు, జనం నోట ఓబులేసు. సంస్కృత పదాన్ని తెలుగు నాలుక ఎంత దూరం తీసుకుపోగలదో తెలుసుకోవడానికి వ్యాకరణ గ్రంథం అక్కరలేదు, ఒక పల్లె ఓటర్ల జాబితా చాలు.

క్షేత్రం ప్రాచీనమైనదే. తిరుమంగై ఆళ్వారు పాశురాలలో కీర్తించినందువల్ల అది వైష్ణవుల 108 దివ్యదేశాలలో ఒకటయింది. అయితే దాని పేరు మనుషుల పేర్లలోకి విరివిగా దిగడం వెనుక రాజాదరణ, మఠవ్యవస్థ, దేశభాషా కవిత్వం అనే మూడు శక్తులు పనిచేసినట్లు కనిపిస్తుంది. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానకవి ఎర్రన నృసింహపురాణంలో ఈ క్షేత్ర మహిమను తెలుగులో చెప్పాడు. ఆ తరువాత ఆదివణ్ శఠకోప యతి స్థాపించిన అహోబిల మఠం దక్షిణదేశమంతటా శిష్యులను సంపాదించింది. కడప సీమలోని తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమాచార్యుడు ఆ యతి వద్దనే వేదాంతం అభ్యసించాడని మనుమడు చినతిరువేంగళనాథుడు రాసిన జీవితచరిత్ర చెబుతుంది, అహోబల నరసింహునిపై అన్నమయ్య కీర్తనలు కూడా ఎన్నో ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో ఈ క్షేత్రాన్ని దర్శించి కానుకలు సమర్పించాడు. విజయనగర యుగంలో నంద్యాల పాలకుల వంశంలో ఔబళరాజు అనే పేరు శాసనాలకెక్కడం ఈ ఆదరణకు సహజ ఫలితమే. ఆ పేరు కన్నడ సీమకూ పాకింది. చిత్రదుర్గ నాయకులలో ఓబన్న నాయకుడు, రోకలితో హైదరాలీ సైనికులను ఎదిరించిన వీరవనితగా కన్నడిగులు కొలిచే ఒనకె ఓబవ్వ ఈ పేర్ల కుటుంబంలోని వారే.

ఒకే దేవుని పేరు సమాజంలోని వేర్వేరు మెట్లపై వేర్వేరు వేషాలు వేసుకోవడం ఈ చరిత్రలో ఆసక్తికరమైన ఘట్టం. చదువు, శాస్త్రం వృత్తిగా గల ఇళ్లలో మూలరూపం చెక్కుచెదరలేదు: ఆంధ్రశబ్దచింతామణికి వ్యాఖ్య రాసినవాడు అహోబల పండితుడు, సంగీతపారిజాతాన్ని రచించినవాడు అహోబలుడు, రాయలసీమ రచయితల చరిత్రను సంపుటాలుగా వెలువరించినవాడు కల్లూరు అహోబలరావు. భూమిని నమ్ముకున్న రెడ్ల ఇళ్లలో అదే పేరు ఓబులరెడ్డి. 1970వ దశకంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఎస్. ఓబులరెడ్డి వల్ల అది రాష్ట్రమంతటికీ పరిచితమయింది. రెక్కల కష్టంపై బతికే కులాలలో అది ఓబన్న, ఓబయ్య, ఓబులేసు. 1846–47లో కుంఫిణీ ప్రభుత్వంపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుడిభుజంగా నిలిచినవాడు వడ్డె ఓబన్న. నాయకుని పేరూ అనుచరుని పేరూ ఒకే దేవునివే. పాలెగాడి ఇంట ఆ దేవుడు పూర్తి సంస్కృత నామంతో, వడ్డెవారి ఇంట అరిగి నున్నబడిన తెలుగు నామంతో ఉండడం కాకతాళీయమని చెప్పడం కష్టం.

పేరు పెట్టే పద్ధతిని గమనిస్తే ఇది ఇంతకాలం ఎలా నిలిచిందో అర్థమవుతుంది. సంతానం కోసమో, పుట్టిన బిడ్డ దక్కడం కోసమో అహోబిలానికి మొక్కుకొని, బిడ్డ నిలిచిన తరువాత అక్కడ పుట్టువెంట్రుకలు తీయించి, స్వామి పేరు పెట్టుకోవడం మొదటి మార్గం. తాత పేరు మనుమనికి పెట్టడం రెండవది, దీర్ఘకాలంలో ఎక్కువ బలమైనది. ఒకసారి మొక్కుతో ఇంట్లోకి వచ్చిన పేరు మరి మొక్కు లేకుండానే తరం విడిచి తరం తిరిగి వస్తూ ఉంటుంది. ఈ విషయంలో చైనా సంప్రదాయం సరిగ్గా దీనికి ఎదురుగా నడుస్తుంది: అక్కడ పెద్దల పేరులోని అక్షరాన్ని పిల్లలకు పెట్టడం అమర్యాద, పేరును కోరిన అర్థమిచ్చే అక్షరాలతో ప్రతి బిడ్డకూ కొత్తగా కూర్చుతారు. అందువల్లనే 1949లో ప్రజా గణతంత్రం ఏర్పడిన కాలంలో పుట్టిన మగపిల్లలకు 'దేశనిర్మాణం' అనే అర్థం గల జియన్‌గువో అనే పేరు విరివిగా వచ్చింది, ఆ పేరు విన్నవారు మనిషి వయసును ఇంచుమించుగా ఊహించగలరు. ఓబులేసు అనే పేరు విన్నవారు వయసును కాదు, ఊరిని ఊహిస్తారు.

పెద్దల పేరు పలకరాదన్న మర్యాద మాత్రం కడపలోనూ ఉంది, కాని దాని పరిష్కారం వేరు. మామ పేరును నోట పలకని కోడలు, ఆ పేరే పెట్టుకున్న కన్నకొడుకును 'అబ్బోడా' అనో మరొక ముద్దుపేరుతోనో పిలుస్తుంది. అబ్బ అంటే ఈ సీమలో తాత. ఒకే మొక్కు ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములకు వర్తించినప్పుడు వారు పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అవుతారు. అప్పుడు పేరు వ్యక్తిని కాక కుటుంబాన్ని సూచిస్తుంది, వ్యక్తిని గుర్తించే పని విశేషణానిది.

ఇదే నరసింహుడు ఇతర సీమలలో ఇతర పేర్లు ఇచ్చాడు. బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి క్షేత్రం వల్ల మద్దిలేటి, కదిరి వల్ల కదిరప్ప, కదిరమ్మ, నెల్లూరు సీమలోని పెంచలకోన వల్ల పెంచలయ్య, ఉత్తరాంధ్రలో సింహాచలం వల్ల అప్పన్న, సింహాచలం, తెలంగాణలో యాదగిరిగుట్ట వల్ల యాదగిరి పుట్టాయి. నరసింహుడనే పేరు ఎక్కడివాడిదైనా కావచ్చు గాని, ఈ క్షేత్రనామాలు ధరించినవాడు ఏ కొండకు నడిచిపోయే యాత్రికుల సంతతివాడో పేరే చెబుతుంది. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, చాగలమర్రి మీదుగా సాగే దారి అహోబిలానిది; పులివెందులకు కదిరి కూడా చేరువ కావడం వల్ల అక్కడ రెండు క్షేత్రాల పేర్లూ కలుస్తాయి. సినీదర్శకుడు బి.ఎన్. రెడ్డి పుట్టినది పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెలో, 1908లో. ఆయన అసలు పేరులో ఉన్నదీ ఆ దేవుడే: బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. అహోబల నామం ఊళ్ల పేర్లలోకీ ఎక్కింది. పూర్వపు కడప జిల్లాలోని ఓబులవారిపల్లె, పూర్వపు అనంతపురం జిల్లాలోని ఓబుళదేవరచెరువు అందుకు తార్కాణాలు.

క్షేత్రం మనిషికి పేరిచ్చే ఈ పద్ధతి మతం గీసిన గీతల దగ్గర ఆగలేదు. 1166లో మరణించిన బాగ్దాదు సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీకి పారశీకంలో దస్తగీర్, అంటే చేయి పట్టి ఆదుకొనేవాడు, అనే బిరుదు ఉంది. అది రాయలసీమలో చివరి అక్షరాలు కొండను స్ఫురింపజేసే దస్తగిరిగా మారి, ముస్లింల ఇళ్లలోనే కాక దర్గాలకు మొక్కుకొన్న హిందువుల ఇళ్లలోనూ నిలిచింది. దస్తగిరిరెడ్డి, మస్తాన్‌రెడ్డి, ఫక్కీరారెడ్డి అనే పేర్లు బయటివారికి వింతగా తోచవచ్చు. మొక్కు చెల్లించడం తెలిసినవారికి అందులో వింత లేదు.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో బడి చదువు, సినిమా, పత్రికలు వ్యాపించిన కొద్దీ ఓబులేసు అనే పేరు మొరటుదన్న భావన బలపడి, బడి రిజిస్టరులో మరొక పేరు రాయించి ఇంట్లో మాత్రం తాత పేరుతో పిలవడం మామూలయింది. మొక్కు తప్పలేని ఇళ్లలో అహోబల్, నరసింహ, ప్రహ్లాద్ వంటి రూపాలు రాజీగా వచ్చాయి. ఆడపిల్లల విషయంలో మార్పు మరింత వేగంగా జరిగి, ఓబులమ్మ చాలాచోట్ల అవ్వల తరానికే పరిమితమయింది. ఉద్యోగాల కోసం అమెరికా వంటి దేశాలకు వెళ్లినవారి పత్రాలలో ఈ పేరుకు మరొక మలుపు ఎదురయింది. కడప పద్ధతిలో ఇంటిపేరు ముందు, ఓబులరెడ్డి అనే విడదీయరాని పేరు వెనుక ఉండేవి. పాశ్చాత్య దరఖాస్తు పత్రం ఆ పేరును రెండు గడులలోకి చీల్చి రెడ్డిని వంశనామం చేయగా, ఏ పల్లెలోనూ విడిగా వాడుకలో లేని 'ఓబుల్' అనే ముక్క మనిషి పేరుగా మిగిలింది.