మునేటి నీరు - సాగరసంగమ తీరము



నిత్యార్చనకు ముందు సంకల్పము చెప్పునపుడు, శ్రీశైలమునకు ఈశాన్య దిక్కున, కృష్ణా గోదావరుల నడుమ ఉన్నామని విన్నవించుకొనుట మన సంప్రదాయము. స్వామికి మన చోటు తెలియక కాదు. మనము నిలిచిన నేల ఏదో మనకే జ్ఞాపకము చేయుటకు. ఆ నేల కథ సముద్రము వరకు సాగునని నాకు ఈ జీర్ణోద్ధరణ సందర్భముననే బోధపడినది.

కుంభాభిషేకమునకు నదీజలములతో పాటు సాగరసంగమ తీర్థము కూడ తేవలెనని పెద్దలు నిర్ణయింపగా, హంసలదీవికి వెళ్లు భాగ్యము నాకు కలిగినది. కాకి రూపమున తీర్థములు తిరిగిన గంగమ్మ అచట మునిగి హంసగా మారినదని స్థలపురాణము. వేణుగోపాలస్వామి దర్శనము చేసికొని సంగమమున కలశము ముంచినపుడు, ఇందులో మన ఊరి నీరు కూడ ఉన్నది కదా అని మనసు పులకించినది.

ఎట్లందురా? కంచికచర్ల మండలమున కీసర మీదుగా సాగు మునేరు కృష్ణలో కలియును. ఆ కృష్ణ విజయవాడ దాటి, పులిగడ్డ వద్ద చీలి, దివిసీమను కౌగిలించి సముద్రము చేరును. మహాబలేశ్వరము నుండి అంతవరకు సుమారు 1,400 కిలోమీటర్ల యాత్ర. నది మోసికొని పోవునది నీరు మాత్రమే కాదు. ఒండ్రుమట్టి, ఇసుక కూడ. వేగము తగ్గిన చోట నది వానిని దించును, అలలు ఒడ్డు వెంట సర్దును. దివిసీమ అట్లు పుట్టిన నేలయే. అనగా మెట్ట సీమలో వాన కడిగిన మట్టియే అచట పంటభూమియైనది.

ముఖద్వారమునకు పడమరగా తీరము లోనికి వంగియున్నది. అదియే నిజాంపట్నం అఖాతము. లోతు తక్కువ, ఒడ్డున ఇసుక దిబ్బలు, ఉప్పు పర్రలు, సరుగుడు తోటలు, పాయల అంచున మడ అడవులు కలవు.

ఈ తీరము చరిత్రకు వాకిలి వంటిది. రెండవ శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న రేవు నేటి ఘంటసాల యని చరిత్రకారులు గుర్తించిరి. నేడు ఆ ఊరు సముద్రమునకు మైళ్ల దూరమున ఉన్నది. నది నేలను ముందుకు పెంచుటయే అందుకు ప్రధాన కారణము. చీరాల సమీపమున మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము వేయించెను. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు లాగికొనుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోనని ఆయన మాట ఇచ్చెను. ఆపదలో ఉన్నవాని సొత్తు ముట్టరాదను ధర్మమును శిలపై చెక్కించిన ప్రభువు మనవాడు! 1611లో ఆంగ్లేయుల ఓడ ఈ నిజాంపట్నమునకే, నాటి పెటపోలికి వచ్చి, పిమ్మట మచిలీపట్నము చేరినది. మన పరిటాల, ఆవలి ఒడ్డున కొల్లూరు గనుల వజ్రములతో పేరుపొందిన గోల్కొండ రాజ్యమునకు మచిలీపట్నమే ప్రధాన రేవు.

ఆ వాకిలి నుండియే మృత్యువు కూడ వచ్చినది. 1864 నవంబరు 1న మచిలీపట్నమును ఉప్పెన ముంచి సుమారు ముప్పది వేల మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా ప్రజలు అసువులు బాసిరి. తీరము చదునుగా, సముద్రము లోతు తక్కువగా ఉన్న చోట గాలి తరిమిన నీరు దిగువకు పోవు దారి లేక ఎత్తుగా లేచి ఊళ్లపై పడును. అట్టి వేళ మడ అడవులు, దిబ్బలు ఆ ఉరవడిని కొంత తగ్గించును.

ఇప్పుడు ఆ దిబ్బలకే కొరత వచ్చినది. 1967లో నాగార్జునసాగరము నుండి నీరు విడువబడినది. ఆపై శ్రీశైలము, పులిచింతల ఆనకట్టలు లేచినవి. అవి మనకు అన్నము పెట్టుచున్నవి, కాదనలేము. కాని ఒండ్రు వానిలోనే నిలిచిపోవుచున్నది. నది తెచ్చునది తగ్గగా, సముద్రము కోసికొనుట మాత్రము ఆగలేదు. డెల్టా అంచు పలుచోట్ల వెనుకకు జరుగుచున్నది.

ఒక మాట దాచక చెప్పెదను. మన ప్రాకారమునకు వాడిన ఇసుక కూడ నది ఇచ్చినదే. స్వామి కొరకు తీసికొంటిమి. అయినను తీసికొన్నది తీసికొన్నదే. ఏటి నుండి అవసరమునకు మించి తీసిన ప్రతి బండి ఇసుక, దిగువన ఎవరి ఇంటి ముందో ఉండవలసిన దిబ్బలో తరుగు. ఋణము నెరిగి మెలగుట గృహస్థధర్మము కదా!

కనుక దాతలకు, భక్తులకు నా విన్నపము. ఈ ఉత్సవముల నిర్మాల్యమును, ప్లాస్టిక్ సంచులను మునేటిలో కలుపవద్దు. పూలు, పత్రి ఆలయ తోటలో గోతిలో వేసి ఎరువు చేయుదము. ఇంతకాలము నేను కూడ ఏటిలోనే వదలితిని, ఇకపై వదలను.

కుంభాభిషేక జలము మీ శిరస్సున పడునపుడు ఒక్క క్షణము ఆ తీరవాసులను తలచుకొనుడు. మన నీరు వారిది, వారి మేఘము మనది. స్వామి ఉభయులను రక్షించుగాక!

స్వస్తి.