కుంకుడుకాయ నుంచి పొరాసిటీ దాకా

"మీ జుట్టు హై పొరాసిటీయా, లో పొరాసిటీయా?" ఇప్పుడు షాంపూ కొనబోతే ఎదురయ్యే ప్రశ్న ఇది. గ్లాసు నీళ్ళలో ఒక వెంట్రుక వేసి, తేలితే లో, మునిగితే హై అని తేల్చేసే పరీక్ష కూడా ఉంది. దాన్ని నేను నమ్మను. కాస్త జిడ్డు ఉంటే చాలు, ఎలాంటి వెంట్రుకైనా తేలుతుంది.

పొరాసిటీ అంటే వెంట్రుక నీళ్ళని ఎంత తేలిగ్గా పీల్చుకుంటుందో అన్నమాట. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా వెంట్రుక పైన పొలుసులు పేర్చి ఉంటాయి. వాటి మీద నీటిని అంటనివ్వని పల్చటి కొవ్వు పొర. పొలుసులు లేచినా, ఆ పొర పోయినా నీళ్ళు లోపలికి దూరతాయి. ఇది కొంత పుట్టుకతో వచ్చేదే. మిగతాదంతా మనం జుట్టుకి చేసిన నిర్వాకం. తలంటు చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

మనవాళ్ళు తలకి నూనె పెట్టి, కాసేపు నాననిచ్చి, కుంకుడు రసంతో రుద్దేవారు. (కళ్ళు మండితే నోట్లో ఉప్పుకల్లు, గుర్తుందా?) ఆ నురగ సపోనిన్ల వల్ల వస్తుంది. రసం కొంచెం ఆమ్లగుణం కలది, బోరునీళ్ళలో కూడా తెట్టు కట్టదు. సబ్బు అలాక్కాదు. దాని క్షారగుణానికి వెంట్రుక ఉబ్బి పొలుసులు లేస్తాయి, పైగా నీళ్ళలోని కాల్షియంతో కలిసి తెట్టులా జుట్టుకి అతుక్కుంటుంది.

షాంపూ అన్న మాట మన దేశంనుంచి వెళ్ళిందే, హిందీ 'చాంపో' నుంచి. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టినప్పుడు దాని అర్థం మర్దనా, తల కడగడం కాదు. 1934లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు సబ్బు బదులు డిటర్జెంటుతో చేసిన 'డ్రీన్' తెచ్చారు. తెట్టు బాధ తీరింది గానీ, అది జిడ్డుని మరీ ఊడ్చేసి జుట్టుని బిరుసు చేసేది. ఇక్కడ 1983లో సి.కె. రంగనాథన్ తమిళనాడులో మొదలుపెట్టిన చిక్ లాంటి సాచెట్లు పల్లెల్లో కిరాణాకొట్ల దాకా వచ్చాయి. కుంకుడుకాయలు అటకెక్కాయి, పోనీలెండి. వాటితోపాటు ముందు నూనె పెట్టుకునే అలవాటు కూడా పోతోంది, నా బాధల్లా అదే.

ఎందుకంటే 2003లో రేలే, మొహిలే అనే ఇద్దరు జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో ఒక పేపర్ రాశారు. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడిటినీ పోల్చితే, జుట్టులోంచి ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్నటిది, వెంట్రుక లోపలికి వెళ్ళగలదు. దాంతో తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బడం తగ్గుతుంది. వాళ్ళు కొబ్బరినూనె అమ్మే మారికో మనుషులే, కాబట్టి కాస్త అనుమానంతోనే చదవాలి. మన నువ్వులనూనెని ఆ పోటీలోకి రానివ్వలేదు కూడా!

ఇక జాగ్రత్తల సంగతి. జుట్టు నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే 45 సెంటీమీటర్ల జడ చివర మూడేళ్ళ పాతది, మూడేళ్ళ లాగ్ ఫైల్ అనుకోండి. మొదలు లో, చివర హై, రెండూ ఒకే వెంట్రుకలో ఉండొచ్చు. అందుకని షాంపూ మాడుకి, కండిషనర్ చివర్లకి. తలంటుకి ముందు నూనె కూడా చివర్లకే ఎక్కువ. నీళ్ళు జారిపోయే జుట్టయితే రెండు చుక్కలు చాలు, లేకపోతే జిడ్డోడుతుంది. రీబాండింగ్‌తోనో బ్లీచ్‌తోనో పాడైన భాగాన్ని మాత్రం ఏ నూనే బాగుచేయదు, పెరిగేకొద్దీ కత్తిరించుకోవడమే.